గూగుల్ మెసేజెస్‌లో ఫొటో పంపడం: బాణం నొక్కే ముందు పెట్టె చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్ ఏది కొన్నా దాదాపుగా ముందే ఉండే యాప్ గూగుల్ మెసేజెస్. మనలో చాలామందికి అది ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు వచ్చి పడే చోటు. ఫొటో పంపాలంటే వేలు వాట్సాప్ మీదికే పోతుంది. కానీ దీంతోనూ ఫొటోలు పంపొచ్చు. ఒక్కోసారి వాట్సాప్‌లో కన్నా బాగా వెళ్తాయి. ఒక్కోసారి మాత్రం అక్షరం పోల్చుకోలేనంత మసకగా వెళ్తాయి, పైగా బ్యాలెన్స్ కోస్తుంది. యాప్ అదే, ఫొటో అదే, నంబరూ అదే. తేడా అంతా ఆ ఫొటో ఏ దారిన వెళ్లిందన్న దాంట్లో ఉంది. ఆ దారి ఏదో యాప్ మనకు చెబుతూనే ఉంటుంది, కాకపోతే చాలా చిన్న అక్షరాల్లో. ఈ యాప్ మీద మా మొదటి ఫిర్యాదు అదే.

మెసేజ్ రాసే పెట్టెలో మీరు ఏమీ టైప్ చేయకముందే బూడిద రంగులో ఒక మాట కనిపిస్తుంది. "ఆర్‌సీఎస్ మెసేజ్" (ఎస్సెమ్మెస్ స్థానంలోకి వచ్చిన కొత్త మెసేజింగ్ పద్ధతి) అని ఉంటే ఫొటో ఇంటర్నెట్ మీద వెళ్తుంది. "టెక్స్ట్ మెసేజ్" అని ఉంటే అది పాత పద్ధతి. అక్కడ ఫొటో జత చేయగానే పంపే బాణం దగ్గర "ఎమ్మెమ్మెస్" (ఎస్సెమ్మెస్ లాగే ఆపరేటర్ ద్వారా ఫొటో పంపే పద్ధతి) అన్న గుర్తు వస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే ఆగండి. పట్టాదారు పాసు పుస్తకం, ఆసుపత్రి రిపోర్టు, మార్కుల మెమో లాంటివైతే తప్పకుండా ఆగండి.

ఎందుకు ఆగాలి

ఎమ్మెమ్మెస్ 2002లో వాణిజ్యపరంగా మొదలైంది. మొదటగా నార్వేలో టెలినార్ ఇచ్చింది. అప్పటి ఫోన్ కెమెరాలు తీసేవి 640 × 480 పిక్సెళ్ల బొమ్మలు. ప్రమాణాలు కూడా ఆ బొమ్మలకు తగ్గట్టే రాశారు: ఒక తరగతికి 30 కేబీ, ఇంకోదానికి 100, పెద్దవాటికి 300, తర్వాత 600 కేబీ. ఈరోజు 12 మెగాపిక్సెల్ కెమెరా తీసే ఒక్క ఫొటో 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. అది ఎమ్మెమ్మెస్‌లో పట్టాలంటే యాప్ దాన్ని కుదించక తప్పదు. నెట్‌వర్క్ ఒప్పుకునే పరిమితి 300 కేబీ అనుకుంటే, ఫొటోలోని సమాచారంలో పదో వంతు కూడా మిగలదు.

మనుషుల ముఖాలకు ఇది పెద్ద నష్టం కాదు. కాగితాలకే ముప్పు. ఒక ఏ4 కాగితాన్ని ఫొటో నిండా వచ్చేలా తీశారనుకోండి. నిలువున 4000 పిక్సెళ్లు ఉంటే 12 పాయింట్ల అక్షరాల వరుస ఒక్కోదానికి సుమారు 57 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది. అదే ఫొటో 1024 పిక్సెళ్లకు కుదిస్తే ఆ వరుసకు మిగిలేవి 14 లేదా 15. తెలుగులో ఆ కాస్త ఎత్తులోనే పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు మూడూ ఇమడాలి. ఒత్తు వాటాకు నాలుగైదు పిక్సెళ్లు వస్తే గొప్ప. జేపెగ్ పద్ధతి బొమ్మను 8 × 8 గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి ఆ నాలుగైదు పిక్సెళ్లూ పక్కవాటితో కలిసి అలుక్కుపోతాయి. పాసు పుస్తకంలో విస్తీర్ణం గడి చూడండి. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. తెలంగాణలో ఎకరాలు, గుంటలు. 2.08 అన్నది 2.03గానో 2.06గానో కనబడితే అవతల చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు, ఎందుకంటే మూడూ నమ్మదగ్గ అంకెలే. మసకబారిన అక్షరం కన్నా తప్పుగా స్పష్టంగా కనిపించే అంకె ప్రమాదం.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు ఇచ్చే ప్యాక్‌లలో చాలావాటికి ఎమ్మెమ్మెస్ లెక్కలోకి రాదు. అది మెయిన్ బ్యాలెన్స్ నుంచి పోతుంది. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేసుకున్నవాళ్ల మెయిన్ బ్యాలెన్స్ చాలాసార్లు సున్నా. అందుకే "పంపలేదు, మళ్లీ నొక్కండి" అని ఎర్రగా వస్తుంది. పదిసార్లు నొక్కినా అదే వస్తుంది. అక్కడ లోపం ఫోన్‌ది కాదు, ఫొటోదీ కాదు.

ఎమ్మెమ్మెస్ తప్ప గతి లేకపోతే

అవతలివాళ్ల ఫోన్‌లో ఆర్‌సీఎస్ లేదు, వాట్సాప్ లేదు, ఫొటో మాత్రం పంపాలి. అలాంటప్పుడు అది ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ తెగిందో పట్టుకోవచ్చు. మీ ఫోన్ ఫొటోను కుదించి ఆపరేటర్ సర్వర్‌కు మొబైల్ డేటా మీద ఎక్కిస్తుంది. సర్వర్ అవతలి ఫోన్‌కు కంటికి కనబడని ఒక ఎస్సెమ్మెస్ పంపి "నీకో ఫొటో ఉంది, ఫలానా చోటు నుంచి తీసుకో" అంటుంది. ఆ ఫోన్ తన మొబైల్ డేటా మీద దాన్ని దించుకుంటుంది. అంటే రెండు వైపులా మొబైల్ డేటా కావాలి. వైఫై బాగా ఉంది కదా అని డేటా కట్టేసి ఉంచితే చాలా నెట్‌వర్క్‌లలో ఎమ్మెమ్మెస్ కదలదు. ఇందుకోసమే కొన్ని ఫోన్లలో సిమ్ సెట్టింగ్స్ కింద "ఎమ్మెమ్మెస్ మెసేజెస్" అనే మీట పెట్టారు. అది ఆన్ చేస్తే డేటా ఆపి ఉన్నా ఎమ్మెమ్మెస్ వరకు దారి తెరుస్తుంది.

రెండు సిమ్‌లు ఉంటే చిక్కు ఇంకోటి. డేటా మొదటి సిమ్ మీద ఉంటుంది, మెసేజ్ రెండో సిమ్ నుంచి పోతుంది. ఫొటో ఏ సిమ్ నుంచి వెళ్తోందో ఆ సిమ్ డేటాయే కావాలి. కొన్ని ఫోన్లు తమంతట తామే కాసేపు అటు మారతాయి, కొన్ని మారవు. మారని ఫోన్ అయితే ముందు డేటాను ఆ సిమ్ మీదికి మార్చి, ఆ తర్వాతే పంపండి.

ఇవన్నీ సరిగా ఉన్నా వెళ్లకపోతే ఏపీఎన్ (ఫోన్ ఆపరేటర్ డేటాలోకి వెళ్లే దారి వివరాలు) చూడాలి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, సిమ్స్, మీ సిమ్ పేరు, చివర్లో యాక్సెస్ పాయింట్ నేమ్స్. శాంసంగ్‌లో అయితే కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్ కింద ఉంటుంది. లోపల "ఏపీఎన్ టైప్" గడిలో ఎమ్మెమ్మెస్ అన్న మాట ఉందా, "ఎమ్మెమ్మెస్‌సీ" (ఆపరేటర్ ఎమ్మెమ్మెస్ సర్వర్) గడిలో ఏదైనా అడ్రస్ ఉందా చూడండి. ఖాళీగా ఉంటే ఎమ్మెమ్మెస్‌కు అసలు దారే లేదన్నమాట. పైన మూడు చుక్కలు నొక్కి "రీసెట్ టు డిఫాల్ట్" ఇచ్చి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ విలువలు ఆపరేటర్ కస్టమర్ కేర్‌నే అడిగి రాసుకోండి. నెట్‌లో దొరికే పాత జాబితాలు నమ్మొద్దు. వాటిలో విలీనమైపోయిన కంపెనీల అడ్రస్‌లు ఇంకా ఉన్నాయి.

మీకు వచ్చిన ఎమ్మెమ్మెస్ దిగకుండా "డౌన్‌లోడ్" దగ్గరే ఆగిపోతే కారణం చాలాసార్లు డేటాయే. సర్వర్ దాన్ని కొంతకాలమే దాస్తుంది, గడువు దాటితే చెరిపేస్తుంది. తర్వాత ఎంత నొక్కినా రాదు, పంపినవాళ్లు మళ్లీ పంపాల్సిందే.

కాగితం ఫొటో ఎమ్మెమ్మెస్‌లో పంపక తప్పకపోతే మొత్తం పేజీ పంపకండి. కావాల్సిన గడి వరకు క్రాప్ చేసి, రెండు మూడు ముక్కలుగా పంపండి. కుదింపు ముక్కకు ముక్కకు విడిగా జరుగుతుంది కాబట్టి చిన్న ముక్కలో అక్షరానికి ఎక్కువ పిక్సెళ్లు దక్కుతాయి. ఖర్చు మూడింతలవుతుంది, కానీ చదవగలుగుతారు.

ఆర్‌సీఎస్ దారిలో

ఇక్కడ యాప్ మనసారా మెచ్చుకోదగ్గది. ఆర్‌సీఎస్ ఆలోచన 2007 నాటిది. మొబైల్ కంపెనీలు దాన్ని ఏళ్ల తరబడి నాన్చాయి. గూగుల్ 2015లో ఆర్‌సీఎస్ మీద పనిచేసే జైబ్ మొబైల్ కంపెనీని కొని, తన సర్వర్ల మీద నడపడం మొదలుపెట్టాకే అది మన చేతికి వచ్చింది. ఫైలు పరిమితి 100 ఎంబీ దాకా. వైఫై మీదా వెళ్తుంది. దానికి విడిగా ఎస్సెమ్మెస్ ఛార్జీ ఉండదు, డేటా మాత్రమే ఖర్చవుతుంది. ఇద్దరి దగ్గరా గూగుల్ మెసేజెస్ ఉంటే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) కూడా ఉంటుంది. ఇద్దరి మధ్య చాట్లకు 2021లో వచ్చింది, గ్రూపులకు 2023లో. పంపే బాణం దగ్గర చిన్న తాళం గుర్తు ఉందంటే అది పనిచేస్తోందని అర్థం.

ఆన్ చేయడం కష్టం కాదు. యాప్‌లో పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, మెసేజెస్ సెట్టింగ్స్, ఆర్‌సీఎస్ చాట్స్, అక్కడ మీట ఆన్. కింద స్టేటస్ "కనెక్టెడ్" అని మారాలి. మారకుండా "వెరిఫై చేస్తున్నాం" అని రోజంతా తిరుగుతూ ఉంటే చూడాల్సినవి కొన్నున్నాయి. నంబరు నిర్ధారణకు ఫోన్ ఒక ఎస్సెమ్మెస్ పంపాల్సి రావచ్చు కాబట్టి సిమ్‌లో అవుట్‌గోయింగ్ ఎస్సెమ్మెస్ పనిచేస్తూ ఉండాలి. ఇన్‌కమింగ్ కోసం మాత్రమే బతికించుకునే సిమ్‌లతో ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు. తర్వాత సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో "క్యారియర్ సర్వీసెస్" తెరిచి స్టోరేజ్, క్యాష్ రెండూ క్లియర్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. మెసేజెస్ యాప్ డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్‌గా ఉండాలి. రూట్ చేసిన (లోపలి సిస్టమ్ తాళం తీసేసిన) ఫోన్లలో గూగుల్ ఆర్‌సీఎస్‌ను అడ్డుకుంటుంది. అక్కడ కనెక్టెడ్ అని చూపించినా మెసేజ్ వెళ్లకపోవచ్చు.

ఫొటో నాణ్యత విషయంలో ఒక మెలిక ఉంది. ఆర్‌సీఎస్‌లో కూడా యాప్ ఎప్పుడూ అసలు ఫొటోనే పంపదు. కొత్త వెర్షన్లలో గ్యాలరీ నుంచి ఫొటో ఎంచుకున్నప్పుడు హెచ్‌డీ గుర్తు కనిపిస్తుంది. నొక్కితే చాట్‌కు తగ్గట్టు కుదించి పంపడం, ఒరిజినల్ పంపడం అని రెండు ఎంపికలు వస్తాయి. కాగితాలకు, ముద్రణకు ఇచ్చే పెళ్లి ఫొటోలకు ఒరిజినల్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో ఇదే పని సెట్టింగ్స్‌లోని "సెండ్ ఫొటోస్ ఫాస్టర్" మీట చేస్తుంది. అది ఆన్‌లో ఉంటే కుదించి పంపుతుంది. అసలుదే వెళ్లిందా అన్నది ఊహించక్కర్లేదు. అందుకున్నవాళ్లు ఫొటోను సేవ్ చేసి గ్యాలరీలో వివరాలు తెరిస్తే కొలత, సైజు కనిపిస్తాయి. మీ ఫోన్‌లో 4000 × 3000 ఉండి అక్కడ అంతకన్నా తక్కువ ఉంటే కుదించినట్టే.

సేవ్ చేయడం గురించి ఒక మాట. వాట్సాప్‌కు అలవాటుపడ్డవాళ్లు వచ్చిన ఫొటో దానంతట అదే గ్యాలరీలో చేరుతుందనుకుంటారు. ఇక్కడ ఫొటో తెరిచి సేవ్ నొక్కాలి. నొక్కకుండా ఆ చాట్ డిలీట్ చేస్తే ఫొటో కూడా పోతుంది.

మార్చి తీరాల్సిన సెట్టింగ్‌లు

ఆర్‌సీఎస్ చాట్స్ పేజీలోనే "ఆటోమేటిగ్గా టెక్స్ట్‌గా మళ్లీ పంపు" అన్న అర్థం వచ్చే మీట ఉంటుంది. అవతలివాళ్ల డేటా ఆగి ఆర్‌సీఎస్ చేరకపోతే, యాప్ మీ మెసేజ్‌ను ఎస్సెమ్మెస్‌గానో ఎమ్మెమ్మెస్‌గానో మార్చి పంపేస్తుంది. ఎమ్మెమ్మెస్‌కు ఛార్జీ లేని ప్లాన్లున్న అమెరికాలో అది మేలు. మన ప్యాక్‌లతో అది నష్టం. మీరు శ్రద్ధగా ఒరిజినల్ ఎంచుకుని పంపిన ఫొటో కుదించి, డబ్బు కూడా కోసి వెళ్తుంది. ఆపేయండి. కాసేపు ఆగినా ఫొటో అసలు రూపంలో చేరడమే మంచిది. ఒక టిక్ ఉంటే వెళ్లింది, రెండు టిక్‌లుంటే చేరింది, అవి నిండు రంగులోకి మారితే చదివారు. చాలాసేపు ఒక్క టిక్ దగ్గరే ఉంటే ఫోన్ చేసి డేటా ఆన్ చేయమనడం ఉత్తమం.

రెండోది అడ్వాన్స్‌డ్ కింద ఉండే "గ్రూప్ మెసేజింగ్". ఆర్‌సీఎస్ లేని నలుగురికి కలిపి మామూలు మాటే పంపినా, ఈ సెట్టింగ్ గ్రూప్ ఎమ్మెమ్మెస్ మీద ఉంటే అది ఎమ్మెమ్మెస్‌గా పోతుంది. ఫొటో ఏమీ పంపలేదు కదా, డబ్బు ఎందుకు కోశారు అనే ఫిర్యాదులకు ఇదొక మూలం. విడివిడిగా ఎస్సెమ్మెస్ పంపే ఎంపికకు మార్చండి. అక్కడే ఉండే "రోమింగ్‌లో ఎమ్మెమ్మెస్ ఆటో డౌన్‌లోడ్" ఆఫ్‌లోనే ఉంచండి.

ఫొటో వద్దనుకుని వివరాలు తెలుగులో టైప్ చేసి పంపుదామంటే అదీ చౌక కాదు. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు, తెలుగుకు 70. ఒక ముక్క దాటితే ఒక్కోదానికి 67. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ విడి అక్షరాలుగా లెక్క. "స్త్రీ" ఒక్కటే 6 తింటుంది, "నమస్కారం" 8. నాలుగు వాక్యాల తెలుగు మెసేజ్ మూడు నాలుగు ఎస్సెమ్మెస్‌లుగా రోజు కోటాలోంచి పోతుంది. ఆర్‌సీఎస్‌లో ఈ గొడవ లేదు.

ఐఫోన్ ఉన్న చోట

ఐఓఎస్ 18తో 2024 సెప్టెంబరులో ఐఫోన్‌కూ ఆర్‌సీఎస్ వచ్చింది, కానీ ఆపరేటర్ మద్దతు ఇస్తేనే. సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్‌లో "ఆర్‌సీఎస్ మెసేజింగ్" మీట కనిపించకపోతే మీ సిమ్‌కు అది లేనట్టే, ఫొటో ఎమ్మెమ్మెస్‌గానే పోతుంది. ఐఫోన్, ఆండ్రాయిడ్ మధ్య ఎన్‌క్రిప్షన్ కోసం మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2025 మార్చిలో ప్రమాణం ప్రకటించింది. మీ చాట్‌లో తాళం కనిపిస్తేనే ఉందనుకోండి. కనిపించకపోతే ఆధార్ లాంటివి ఆ చాట్‌లో పెట్టకండి. ఐఫోన్ల మధ్య నడిచే ఆపిల్ సొంత మెసేజింగ్ ఐమెసేజ్‌ను మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఫోన్ విదేశీ నంబరుకు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. మెయిన్ బ్యాలెన్స్ లేకపోతే యాక్టివేషన్ అక్కడే ఆగుతుంది, చిన్న టాపప్ వేస్తే అయిపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి అలవాటు కొద్దీ టెక్స్ట్‌లోనే ఫొటోలు పంపి, అమ్మానాన్నలకు చేరలేదని తికమకపడుతుంటారు. దేశాల మధ్య ఎమ్మెమ్మెస్ చేరుతుందని నమ్మడానికి లేదు. రెండు వైపులా ఆర్‌సీఎస్ గానీ, ఐమెసేజ్ గానీ ఉంటే దూరంతో పనిలేదు. లేకపోతే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపడమే నయం. అక్కడ 2022 నుంచి 2 జీబీ దాకా ఒప్పుకుంటున్నారు, ఫొటో కుదించరు. వాట్సాప్‌లో ఫొటోగా పంపేటప్పుడు కనిపించే హెచ్‌డీ ఎంపిక 2023 ఆగస్టులో వచ్చింది. అది మామూలు కన్నా మేలే కానీ అసలు ఫొటో మాత్రం కాదు.

మేము ఎక్కువ మార్కులు వేసేది కంప్యూటర్ మీద వాడకానికి. మెసేజెస్ డాట్ గూగుల్ డాట్ కామ్ స్లాష్ వెబ్ తెరిచి, ఫోన్‌లో "డివైస్ పెయిరింగ్" నుంచి క్యూఆర్ స్కాన్ చేస్తే, కంప్యూటర్‌లోని ఫొటోను నేరుగా చాట్‌లోకి లాగి పంపొచ్చు. మీ సేవ కేంద్రాలు, జిరాక్స్ షాపుల్లో మాత్రం పని అయ్యాక ఫోన్ నుంచి ఆ జతను తీసేయడం మరవకండి. తీయకపోతే మీ ఓటీపీలన్నీ ఆ తెర మీద కనిపిస్తూనే ఉంటాయి.

మార్కులు తగ్గించేది ప్రకటనలకు. కంపెనీలు ఆర్‌సీఎస్‌లో ప్రకటనల బొమ్మలు గుప్పిస్తే 2022లో గూగుల్ భారత్‌లో ఆ ప్రచార సందేశాలను కొన్నాళ్లు ఆపింది. ఇంకా వచ్చేవాటిని పట్టి ఉంచి "బ్లాక్ అండ్ రిపోర్ట్ స్పామ్" నొక్కాలి. చలానా, పెళ్లి పత్రిక, బ్యాంకు కేవైసీ పేరుతో ఏపీకే ఫైలు వస్తే అది ఫొటో కాదు, ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, తెరవకండి. పొరపాటున తెరిచి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ మార్చేముందు పాత ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేయకుండా సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేస్తే, మీకు పంపినవాళ్ల ఫొటోలూ మాటలూ కొన్ని రోజులు పాత ఫోన్ వైపే పోతుంటాయి. పాత ఫోన్ పగిలిపోయి ఉంటే మెసేజెస్ డాట్ గూగుల్ డాట్ కామ్ స్లాష్ డిజేబుల్ హైఫన్ చాట్ పేజీలో +91తో మీ నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్ అక్కడ నింపితే ఆ నంబరు ఆర్‌సీఎస్ నుంచి విడిపోతుంది.